రాక్షసుడి టెంకాయ చిప్ప

మొన్న వేసవిలో మా మేనకోడలు నన్ను బలవంతాన ఒక పల్లె జాతరకు లాక్కుపోయింది. చిత్తూరుకు ఆరేడు మైళ్ళు. నాకు ఆ ఊరు తెలుసు, ఆ జాతరా తెలుసు. ఎప్పుడో ఒక రాక్షసుడు ఊరి వానలన్నీ తాగేసి పొట్టలో దాచుకున్నాడట. గంగమ్మ వచ్చి వాడి పొట్ట పొడిస్తే నీళ్ళు బయటపడ్డాయట. అందుకని ఏటా ఎండాకాలంలో గుడి ముందరి మిట్ట మీద మట్టితో పెద్ద రాక్షసుణ్ణి పడుకోబెట్టి, పొట్టలో నీళ్ళకుండ పాతి పెడతారు. వేషగాళ్ళు వారం రోజులు కథ ఆడతారు. ఆఖరి రోజు పొద్దున గంగమ్మ వేషం కట్టినతను రాక్షస వేషగాణ్ణి మట్టి బొమ్మ చుట్టూ తరిమి తరిమి, చివరికి ఆ బొమ్మ పొట్టలో బల్లెం దించుతాడు. కుండ పగిలి నీళ్ళు పారితే ఆ ఏడు వానలు వస్తాయని నమ్మకం.

మేము పోయేసరికి రాక్షసుడు మడుగులో దాక్కుని ఉన్నాడు. మడుగంటే ఏమీ లేదు, ఇద్దరు మనుషులు అటూ ఇటూ పట్టుకున్న నీలం పంచె. దాని పైన కిరీటం కొస కనబడుతోంది. గంగమ్మ గట్టు మీద నిలబడి తిట్టిపోస్తోంది. అంతలో పంచె వెనకనుంచి బెకబెకమని కప్ప అరిచింది. రాక్షసుడు మెల్లగా లేచి, ఎడమవైపు పొట్ట మీద చెయ్యి వేసుకుని, "ఓ మండూకమా! బంధువులందరూ నన్ను విడిచిపోయిరి. నీవైనా నోరు మూసుకొనుము!" అన్నాడు. జనం ఈలలు వేశారు. మా పక్కనున్న ముసలామె "కప్పరిసింది, ఇంక వానొస్తాది" అని చేతులెత్తి మొక్కింది.

నాకు నవ్వాగలేదు. నవ్వీ నవ్వీ కొంగుతో కళ్ళు తుడుచుకుంటుంటే మేనకోడలు కంగారుపడింది. కప్ప మడుగులో ఉంటే వేషగాడు తన పొట్ట పట్టుకోవడమెందుకు? ఆ మిట్ట మీదున్న అంతమందిలో ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

అవి రెండో ప్రపంచయుద్ధం రోజులు. చిత్తూరులో ఒక చిన్న ఆసుపత్రిలో నేను నర్సుగా ఉండేదాన్ని. ఇరవై ఆరేళ్ళు, కొంచెం నోరెక్కువ. డాక్టరు గారు కూడా నాతో అవసరమైతేనే మాట్లాడేవారు.

ఒక ఉదయం వసారా చివరి స్తంభం దగ్గర ఒక భారీ మనిషి నిలబడి ఉన్నాడు. యాభై ఏళ్ళుంటాయి. బెంచీలు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. గాలి ఎటు వీస్తోందో చూసుకుని, మిగతావాళ్ళకు వాసన తగలని వైపున నిలబడ్డాడని నాకు తర్వాత తెలిసింది. చీటీ చూసి పేరు పిలిచాను. తలుపు దాకా వచ్చి, తల వంచి, భుజాలు పక్కకు తిప్పి, ఏటవాలుగా లోపలికి దూరాడు. మా తలుపులో ఎద్దులబండి పడుతుంది.

"ఏం పెద్దాయనా, అట్లా వస్తావు?" అన్నాను.

"అలవాటమ్మణ్ణీ. కిరీటం తగులుకుంటాది" అన్నాడు. తలమీద చిరిగిన తలగుడ్డ తప్ప ఏమీ లేదు.

ముప్పై ఏళ్ళుగా ఆ ఊరి రాక్షసుడు ఆయనే. కిరీటమూ, భుజాల మీద రెక్కల్లాగా లేచే చెక్క నగలూ కట్టీ కట్టీ, ఏ గుమ్మమైనా ఆయనకు ఇరుకే. నగలు కూడా తేలిక చెక్కతో తనే చెక్కుకునేవాడు. అసలు పేరు మా రిజిస్టరులో తప్ప ఎక్కడా వినలేదు. ఊరంతా రాక్షసుడనే పిలిచేది. ఆయన భార్య కూడా "మా రాక్షసుడు ఇంకా రాలేదామ్మా?" అని ఆసుపత్రి గేటు దగ్గర అడిగేది. నేనూ ఇక్కడ పేరు రాయను.

పేగు మెలికపడి కుళ్ళితే మద్రాసులో కోసి, చెడినంత మేర తీసేసి, మిగిలిన కొసను పొట్టకు ఎడమవైపు బయటికి తెచ్చి కుట్టారు. ప్రాణం దక్కింది. ఇకమీదట మలం మాత్రం అటునుంచే వస్తుంది, అదీ చెప్పకుండా వస్తుంది. దానికి తగిలించుకునే రబ్బరు సంచులు ఉంటాయట గానీ, రబ్బరంతా యుద్ధానికే పోతున్న రోజులు, ఎక్కడా దొరకలేదు. దూదీ గుడ్డా పెట్టి కట్టి ఇంటికి పంపేశారు. ఇంటికొచ్చి ఇరవై రోజులైనా ఆయన దానివైపు చూడలేదు. భార్య గుడ్డ మారుస్తుంటే ఇంటి వాసాలు లెక్కపెట్టుకుంటూ పడుకునేవాడు. కట్టు విప్పితే చుట్టూ చర్మం పచ్చిపుండుగా ఉంది. మనిషి నీరసంతో వణుకుతున్నాడు.

"ఏం తిన్నావు?"

"ఏమీ తినలేదు. తినకపోతే రాదు గదా?"

"ఎన్నాళ్ళుగా?"

"వారమాయె. మజ్జిగనీళ్ళు తాగతా ఉండాను."

నాకు ఒళ్ళు మండింది. "అది ఆగదు. నువ్వే ఆగిపోతావు. రేపు కడుపునిండా సంగటి తిని రా. వచ్చేటప్పుడు వేషం కట్టుకునే అద్దం తీసుకురా" అని తరిమాను.

మర్నాడు అద్దం తెచ్చాడు. చేతికిచ్చి చూసుకోమన్నాను. మొదట మీసం చూసుకున్నాడు. తర్వాత పళ్ళు చూసుకున్నాడు. నేను అద్దాన్ని పట్టుకుని కిందికి వంచాను. అద్దాన్ని తనే అటూ ఇటూ వంచి చూసుకున్నాడు. చివరికి అన్నాడు: "ఇదేందమ్మణ్ణీ, నోరు తెరిసి పద్యం ఎత్తుకోబోతా ఉండేట్టుండాది!"

సరిగ్గా అప్పుడే అది బుర్రుమంది.

"శ్రుతి సరిగా లేదు" అన్నాడాయన. మేమిద్దరం నవ్వడం మొదలుపెట్టాం. డాక్టరు గారు తెర తీసి చూసి, మళ్ళీ వేసేసి వెళ్ళిపోయారు.

ఆ రోజునుంచి దానికి తమ్ముడని పేరు పెట్టాడు. వాళ్ళ కథలో రాక్షసుడికొక తమ్ముడున్నాడు, అన్న మాట వినడు, నిండు సభలో పరువు తీస్తాడు, ఆఖరి రోజుకు ముందురోజే గంగమ్మ చేతిలో చస్తాడు. "తమ్ముడు ఈ పొద్దింకా నిద్ర లేయలేదు" అనేవాడు. "రాత్రి తమ్ముడు మంచి పిల్లోడు మాదిరి ఉండినాడు" అనేవాడు. మా వసారాలో కొత్తగా వచ్చినవాళ్ళు, పాపం ఎవరో చిన్నవాడికి జబ్బనుకునేవాళ్ళు.

పది రోజులకు ఒక టెంకాయ చిప్ప తెచ్చాడు. లోపలా బయటా రాతిమీద అరగదీసి, నూనె పెట్టి నల్లగా మెరిపించాడు. రెండు పక్కలా చిల్లులు పొడిచి, నడుముకు కట్టుకునే నాడా దూర్చాడు. లోపల నిప్పు సెగ చూపించి మెత్తబరిచిన అరిటాకు పరుస్తాడట. నిండితే ఆకు తీసి పారేసి, చిప్ప కడిగి మళ్ళీ కట్టుకోవడమే. ఆలోచన నాకు నచ్చింది, ఆ మాట పైకి చెప్పలేదు. అంచును నా మణికట్టు లోపలివైపు ఆనించి తిప్పి చూశాను. ఎర్రగా గీత పడింది.

"గరుకుగా ఉండాది. పో, ఇంకా రుద్దు."

మూడుసార్లు వెనక్కి పంపాను. మూడుసార్లూ ఏడు మైళ్ళు పోయి, ఏడు మైళ్ళు వచ్చాడు. నాలుగోసారి తెచ్చిన చిప్ప అంచును మెత్తటి గుడ్డతో రుద్ది రుద్ది నున్నగా చేసి, వెనక చిన్న తామరపువ్వు చెక్కాడు. పువ్వెందుకంటే "ఒంటి మీద కట్టుకునేది గదా, నగ గాకపోతే ఏమి?" అన్నాడు. మణికట్టుకు ఆనించి తిప్పాను. గీత పడలేదు. తర్వాత రోజువారీకి మరో అయిదారు చేసుకున్నాడు గానీ, పువ్వున్నది మాత్రం పండగలకని దాచుకున్నాడు.

రోజూ ఉదయం గొట్టంతో వేణ్ణీళ్ళు పెట్టి పేగు కడుక్కోవడం నేర్పాను. ఇక తిండి సంగతి ఆయనే పరీక్షలు చేసుకున్నాడు. ప్రతి శుక్రవారం వచ్చి తొడ మీద చెయ్యేసుకుని కూర్చుని, ఫలితాలు చెప్పేవాడు. "అలసందలు తింటే తాళం. గెనుసుగడ్డ తింటే మద్దెల. పనసతొన తింటే మేళం మొత్తం లేస్తాది. సంగటీ మజ్జిగా తింటే తపస్సు." ఏడాది తిరక్కుండా చర్మం మానిపోయింది, మనిషి ఒళ్ళు చేశాడు. ఇంట్లో ఎలా ఉన్నాడని భార్యను అడిగితే, "ముందరికన్నా మేలమ్మా. కోపమొస్తే అరవబోతాడు, లోపల తమ్ముడు ముందే అరుస్తాడు. ఇంకేమి అరిసేది, నవ్వేస్తాడు" అంది.

ఇంకొకరికి ఇలాంటి ఆపరేషనే జరిగి మా దగ్గరికొస్తే ఆయనకు కబురు పెట్టేదాన్ని. పలమనేరునుంచి ఒక వ్యాపారి వచ్చాడు, ముఖానికి తువ్వాలు కప్పుకుని మూడు రోజులు గోడవైపు తిరిగి పడుకున్నాడు. మా రాక్షసుడు ఏటవాలుగా లోపలికి వచ్చి, అడక్కుండానే చొక్కా ఎత్తి, "సూడు సామీ, ఈయన మా తమ్ముడు. నీకూ ఒక తమ్ముడు పుట్టినాడంట గదా, పేరేం పెట్టినావు?" అన్నాడు. వ్యాపారి తువ్వాలు తీసి నోరు తెరిచి చూశాడు. సాయంత్రానికి ఇద్దరూ చిప్పల సైజుల గురించి మాట్లాడుకుంటున్నారు.

ఇంతవరకూ బాగానే ఉంది. మళ్ళీ జాతర దగ్గరపడింది.

జాతరలో వేషం కట్టేవాళ్ళకు గుడిలో చేతికి కంకణం కడతారు. కంకణం కట్టుకున్నాక వారం రోజులు ఒంటిపూట తిండి, నేల మీద పడక, శుద్ధంగా ఉండాలి. ఒక శుక్రవారం ఆయన వెంట గుడి పెద్ద కూడా వచ్చాడు. బక్కపలచని ముసలాయన, చెడ్డవాడు కాదు, నియమం మనిషి. బెంచీ మీద కూర్చుని, చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని నన్ను పిలిచాడు.

"నర్సమ్మా, ఊర్లో పంచాయితీగా ఉండాది. ముప్పై ఏండ్లుగా ఈ వేషం ఈయనదే. ఇంకొకడు కట్టినా ఒప్పదు. అయితే మలం ఒంటిమీద మోసుకోని అమ్మ ముందరికొస్తే ఊరికి కీడని కొందురు అంటా ఉండారు. నువ్వు దగ్గరుండి సూసిన మనిషివి. సెప్పు. ఈయన శుద్ధమా, కాదా?"

గంగమ్మ గుడి శుద్ధి గురించి, ఆదివారం చర్చికి పోయే నన్ను అడుగుతున్నాడు! నేను నోరు తెరిచేలోపల, పక్కకు తిరిగి నిలబడ్డ మా రాక్షసుడు మెల్లగా అన్నాడు: "పెద్దయ్యా, అందురూ దాన్ని పొట్ట లోపల పెట్టుకోని గుడికొస్తారు. నేను పొట్ట బయట పెట్టుకోని వస్తాను. అంతే గదా తేడా?"

నేను అందుకున్నాను. "ఈయన దినామూ వేణ్ణీళ్ళతో లోపలిదాకా కడుక్కుంటాడు. మీ ఊర్లో అంత శుద్ధంగా ఉండే పొట్ట ఇంకొకటి చూపించండి, నేను మిట్ట మీదికి వచ్చి దండం పెడతాను."

ముసలాయన మీసం కింద పెదవి కదిలింది. కర్ర మీద రెండుసార్లు వేళ్ళు తట్టాడు. "సరే. కంకణం కడతాము. అయితే వాసన గానీ సద్దు గానీ వచ్చిందంటే, ఆ చణమే తెంపేస్తాము. ఇంక ఈ జన్మలో వేషం లేదు. నువ్వూ రావాల నర్సమ్మా. ఎదురుగా కూసోవాల."

ఆయన వెళ్ళాక మా రాక్షసుడు బెంచీ మీద కూలబడ్డాడు. తొడ మీద చెయ్యి లేదు, మీసం మీద చెయ్యి లేదు. వేషం లేకుండా ఆయన్ను చూడడం నాకదే మొదటిసారి. "అమ్మణ్ణీ, నేను ఆడ సావాల. ఆడ నేను సస్తే ఊరికి వాన. ఇంట్లో మంచం మీద సస్తే ఎవురికి లాభం?" అన్నాడు. నాకు భయమేసింది. ఆ వేషం పోతే ఈ మనిషి మళ్ళీ తిండి మానేస్తాడని తెలుసు.

ఆఖరి రోజు ఆదివారం పడింది. చర్చికి పోవాల్సినదాన్ని జాతరకు పోయాను. ఆ సంగతి పాస్టరు గారికి చెప్పలేదు. వేషాలు కట్టే తడికల చాటున మా రాక్షసుడి నడుముకు తామరపువ్వు చిప్ప నేనే కట్టి, దాని మీద వేషం దట్టీ చుట్టాను. "మట్టోడి పొట్టలో కుండ, నా పొట్ట మీద చిప్ప. ఏది ముందర పగులుతాదో సూస్తాము" అన్నాడు. "దూకబాకు, మెల్లగా పరిగెత్తు" అని వందసార్లు చెప్పాను. అన్నిటికీ తలూపాడు.

నేను మరిచిపోయింది ఒక్కటే. ఆ ఊళ్ళో ఒక వాడుక ఉంది. అమ్మ చేతిలో చావబోయేవాడు ఆకలితో పోకూడదని, ఊరి ఆడవాళ్ళు వరసగా వచ్చి రాక్షసుడికి తలా ఒక ముద్ద తినిపిస్తారు. వద్దనకూడదు. ఎదురుగా గుడి పెద్ద మంచం పక్కన కూర్చుని నేను చూస్తూనే ఉన్నాను. పెరుగన్నం, బెల్లం, సంగటి, ఫరవాలేదు. చివర్న ఒక పండు ముసలామె వణుకుతూ వచ్చింది. "ఇంకాసేపుంటే నువ్వుండవు గదా నాయనా, తిను" అని కన్నీళ్ళు పెట్టుకుని, ఉడికించిన గెనుసుగడ్డ, ఇంత లావుది, ఆయన నోట్లో పెట్టింది. ఆయన నావైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. తినేశాడు.

మద్దెల!

నాటకం నడిచింది. గంగమ్మ తరిమింది, రాక్షసుడు పారిపోయి మడుగులో దూరాడు. గంగమ్మ తిట్టి తిట్టి ఊపిరి తీసుకోవడానికి ఆగింది. మిట్టంతా నిశ్శబ్దం. పంచె వెనకనుంచి వచ్చింది. ఒకసారి కాదు, మూడుసార్లు, తెరిపి లేకుండా. చెట్టుకింద కూర్చున్నవాళ్ళకు కూడా వినబడింది. గంగమ్మ తన మాట మరిచిపోయి నోరు తెరిచి నిలబడింది. గుడి పెద్ద ఆయనవైపు చూడలేదు, నావైపు తిరిగి చూశాడు. నేను కళ్ళు మూసుకుని యేసయ్యా అనుకున్నాను.

కళ్ళు తెరిచేసరికి కిరీటం లేస్తోంది. మెల్లగా, తొందర లేకుండా. ఎడమచెయ్యి పొట్ట మీద ఉంది. కిందికి, నీళ్ళలోకి చూస్తున్నట్టు చూసి, రాజసంగా, విచారంగా ఆ కప్పతో మాట్లాడాడు. బంధువులందరూ నన్ను విడిచిపోయిరి, నీవైనా నోరు మూసుకొనుము!

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఎవరో అరిచారు: "కప్ప! మడుగులో కప్పరిసింది! వానొస్తాది!" నవ్వులూ ఈలలూ కలిసి మిట్ట అదిరిపోయింది. గుడి పెద్ద మాత్రం ఇంకా నన్నే చూస్తున్నాడు. నాకు అబద్ధం చెప్పడం రాదు. నేల చూశాను. కాసేపటికి ఆయన కర్ర ఎత్తి నేలకు కొట్టి, అందరికీ వినబడేలా అన్నాడు: "కప్పే. నేనూ ఇన్నాను. ఊఁ, కానీయమ్మా గంగమ్మా!"

మా రాక్షసుడు నేను దూకవద్దన్నవన్నీ దూకాడు. మట్టిబొమ్మ గుండెలెక్కి గంతులేశాడు. బల్లెం దిగి, కుండ పగిలి, నీళ్ళు కారుతుంటే, గొప్పగా పడి గొప్పగా చచ్చాడు. తడికల చాటున దట్టీ విప్పి చూస్తే చిప్ప ఉన్నచోటే ఉంది, ఒక చుక్క కారలేదు. "మా తమ్మునికి నాటకం తెలీదమ్మణ్ణీ. నిన్ననే సచ్చినోడు, ఈ పొద్దు మళ్లా అరిసినాడు" అని పడీ పడీ నవ్వాడు. నేను మాత్రం ఏడ్చాను.

ఆ రోజు వాన రాలేదు. మూడు వారాలకు వచ్చింది. ఏటా అప్పుడే వస్తుంది. ఆ ఏడు పేరు మాత్రం కప్పకు దక్కింది.

అసలు చిక్కు మరుసటి ఏడు. జనం కప్ప కోసమే ముందుగా వచ్చి కూర్చున్నారు. ఆయన పంచె వెనక నక్కి కూర్చున్నాడు, పొద్దున్నే నాలుగు గెనుసుగడ్డలు తిన్నాడట. తమ్ముడు కిమ్మనలేదు. "కప్ప యాడప్పా?" అని గోల. సద్దొస్తే కంకణం తెంపుతామన్నవాళ్ళు సద్దు రాలేదని అలిగారు. "పొట్ట మన మాట వింటాదా అమ్మణ్ణీ!" అని ఆ శుక్రవారం వచ్చి మొత్తుకున్నాడు. మూడో ఏడు ఒక ఉపాయం చేశాడు. ఒక చిప్ప మూతికి మేకతోలు బిగించి, మధ్యలో మైనం రాసిన దారం దూర్చి లాగితే అచ్చం కప్పలాగే అరుస్తుంది. ఏ చిప్పో నేను అడగలేదు.

తర్వాత నన్ను తిరుపతికి మార్చారు. కొన్నేళ్ళకు ఎవరో చెప్పారు, ఒక వానాకాలంలో ఇంట్లోనే, మంచం మీదే పోయాడని. మంచం మీద పోవడం ఆయనకు ఇష్టం లేదని తెలుసు కదా.

మొన్న ఆట అయ్యాక మేనకోడలిని ఉండమని తడికల చాటుకు పోయాను. కొత్త రాక్షసుడు పాతికేళ్ళవాడు, ముఖం రంగు తుడుచుకుంటున్నాడు. కప్ప మాట ఎవరు నేర్పారని అడిగాను.

"తెలీదు పెద్దమ్మా. మొదట్నించీ కథలో ఉండాది. మాకు నేర్పినాయనకు ఆయన గురువు నేర్పినాడంట. మాట సెప్పేటప్పుడు ఎడంసెయ్యి పొట్ట మీద ఉండాల. లేకుంటే వాన రాదంట."

"కప్ప ఎట్లా అరుస్తాది?"

నగల పెట్టె తెరిచాడు. కిరీటం కిందనుంచి ఎర్రగుడ్డ మూట తీసి విప్పాడు. నల్లగా మెరిసే టెంకాయ చిప్ప. నిండా పసుపూ కుంకుమా. మూతికి కొత్త తోలు. వెనక్కి తిప్పితే కుంకుమ బొట్టు కింద చిన్న తామరపువ్వు.

"ఇది లేందే మడుగు కట్టము. ఆయుధపూజకు కిరీటం పక్కనే పెట్టి టెంకాయ కొడతాము" అన్నాడు.

నేను చెయ్యి చాచాను. పిల్లవాడు చటుక్కున చిప్పను వెనక్కి లాక్కున్నాడు.

"సేతులు కడుక్కోని పట్టుకో పెద్దమ్మా. శుద్ధమైన వస్తువు ఇది."

తడిక బయట నీళ్ళతొట్టి ఉంది. ఆపరేషన్ గదికి పోయేముందు కడుక్కున్నట్టు మోచేతులదాకా కడుక్కుని, ఆరబెట్టుకుని వచ్చి, రెండు చేతులా అందుకున్నాను. తోలు కింద అంచును మణికట్టు లోపలివైపు ఆనించి మెల్లగా తిప్పాను.

గీత పడలేదు.